సంచి మీద నంబరు లేదు

బీరు కాచుకోడానికి గుడ్డసంచి మేలా, స్టీలు బుట్ట మేలా అని నేనూ మా బావా రెండు నెలలు కీచులాడుకున్నాం. అదీ ఎక్కడ? సౌదీలో. చుక్క దొరికితే జైల్లో పెట్టి, ఆనక విమానం ఎక్కించే దేశంలో. ఇప్పుడు తలుచుకుంటే నా బుద్ధికి నాకే నవ్వొస్తుంది. నవ్వు వెనకాలే కడుపు మండుతుంది. ఆ మంట ఇంకా చల్లారలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

బావ అంటున్నాను గానీ మా ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. నాది కోనసీమ, అతనిది కాకినాడ పక్క పల్లె. జుబైల్‌లో రిఫైనరీలకి పైపులు అతికి పంపే షాపులో ఇద్దరం వెల్డర్లం. నేను దిగిన రోజున ఎవరూ అడక్కుండానే తన మంచం పక్క మంచం దులిపి, మాగాయ సీసా ముందు పెట్టి, "ఏం బావా, మనదే ఊరు?" అన్నాడు. అంతే, ఆరేళ్ళు ఒకే గది, ఒకే పొయ్యి. నేను జ్వరంతో పడుకుంటే గంజి కాచి పట్టాడు. అతను చెయ్యి కాల్చుకుంటే వారం రోజులు అన్నం కలిపి పెట్టాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, పరాయివాడు చేస్తే అది మోసం అనిపించుకోదు. బాధ అనిపిస్తుంది, తిట్టుకుంటాం, మర్చిపోతాం.

నేను సౌదీ వెళ్ళింది మా ఆవిడ కోసం. ఆవిడ దమ్మామ్‌లో ఆసుపత్రి నర్సు. నాకంటే ముందే వెళ్ళింది. నర్సులకి హాస్టలు, రాకపోకలకి ఆసుపత్రి బస్సు, గేటు దగ్గర కాపలా. మొగుడైనా సరే లోపల అడుగు పెట్టడానికి లేదు. ఒకే దేశంలో ఉంటే చాలనుకుని ఏజెంటుని పట్టుకుని జుబైల్లో పడ్డాను. శుక్రవారం బస్సెక్కి దమ్మామ్ వెళ్ళేవాణ్ణి. మన వాళ్ళది ఒక ఫ్లాటులో పరదాలు వేసి, గొంతు తగ్గించి పాటలు పాడే ప్రార్థన కూడిక ఉండేది. అదయ్యాక ఇద్దరం సముద్రం ఒడ్డున బెంచీ మీద కూచునేవాళ్ళం. ఆవిడ డబ్బాలో తెచ్చిన పులిహోర తిని, సాయంత్రం బస్సుకి నేను వెనక్కి. వారానికి నాలుగు గంటల కాపురం. దాన్ని కాపాడుకోవడం కోసం నేను ఎండలో ఎన్ని వేల జాయింట్లు అతికానో లెక్క లేదు.

ఆ కూడికలోనే ఒకసారి లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను. ఊళ్ళో ఉన్నప్పుడు నేను తాగుబోతునని, ప్రభువు దయవల్ల ఇక ముట్టనని. మా ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తిరిగొచ్చేటప్పుడు బస్టాండులో అందరూ చూస్తుండగా నా చెయ్యి పట్టుకుంది, ఆ దేశంలో అంత ధైర్యం చెయ్యడం అదే మొదటిసారి.

మరి బీరు ఏంటి? అదే నా తిక్క. షాపులో ఒక ఫిలిప్పీనీ ఫిట్టరు పని మానేసి, ఎగ్జిట్ వీసా మీద సొంత దేశం వెళ్ళిపోతూ, బార్లీతో ఎలా కాచుకోవాలో మా బావకి నేర్పి వెళ్ళాడు. గొర్రెల మేత అమ్మే కొట్లో బార్లీ దొరుకుతుంది. నానబెట్టి, మొలకెత్తించి, డాబా మీద ఎండబెట్టి, నలగ్గొట్టి వేడినీళ్ళలో ఊరబెట్టాలి. ఊరాక గింజ పిప్పిని పైకి తీసి, నీళ్ళని కాచి పులియబెట్టాలి. నిజం చెబుతున్నాను, నాకు తాగుడు మీద కంటే తయారీ మీద మోజు. చేతిలో పనితనమున్నవాడికి ఏదైనా ఇంకాస్త బాగా చెయ్యొచ్చని తెలిస్తే నిద్ర పట్టదు. తాగలేదని మాత్రం అనను. తాగాను.

పిప్పిని పైకి తియ్యడం దగ్గరే పేచీ. మా బావ వాళ్ళ నాన్న దర్జీ. ఆ పని కొంత కొడుక్కీ వచ్చు. తన పాత తెల్ల పంచె చించి, చేత్తోనే రెండు వరసల కుట్టు వేసి, మూతికి బొందు దోపి సంచి కుట్టాడు. బార్లీ అందులో పోసి, బొందు బిగించి, గిన్నెలో ముంచేవాడు. ఊరాక సంచి పైకెత్తి పిండేవాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. కానీ తడిసిన సంచి అడుగున గిన్నెకి అతుక్కుని మాడేది. పిండుతుంటే చేతులు బొబ్బలెక్కేవి. కుట్ల సందుల్లో పిండి ఇరుక్కుని ఎన్ని నీళ్ళలో జాడించినా పులుపు వాసన పోయేది కాదు. ఆరెయ్యడం మరో తద్దినం. గదిలో తాడు మీద వేలాడుతుంటే వచ్చినవాడల్లా "ఏంటది" అని అడిగేవాడు. ఇడ్లీ గుడ్డ అని చెప్పేవాళ్ళం. నెలకి ఒకసారైనా ఇడ్లీ వండనివాళ్ళకి ఇడ్లీ గుడ్డ ఎందుకని మాత్రం ఎవరూ అడగలేదు.

"బుట్ట చేస్తాను బావా," అన్నాను. "చిల్లుల స్టీలు రేకు చుట్టి, అడుగు అతికి, పైన పట్టి వేస్తే సరి. ఎత్తి గిన్నె అంచు మీద పెడితే దానంతటదే కారిపోద్ది. నీళ్ళు కొడితే శుభ్రం."

"సంచి అయితే గుడ్డ, బావా. ఎవడైనా వచ్చేడనుకో, ముక్కలు చేసి కిటికీలోంచి పారేత్తే ఎల్లిపోద్ది. బుట్ట ఎక్కడ దాత్తావు?"

ఆ మాటలో న్యాయం ఉంది. నేను ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోగా నోరు జారాను. "మీ నాన్న ఊళ్ళో లంగాలు కుట్టాడు గానీ, బీరు సంచులు కుట్టలేదు కదా. ఇది వెల్డర్ల పని, దర్జీ పని కాదు," అన్నాను. వాళ్ళ నాన్న పోయి అప్పటికి ఏడాది కాలేదు. సెలవు దొరక్క ఆఖరి చూపుకి కూడా వెళ్ళలేకపోయాడు. నాకు అది గుర్తు లేక కాదు, నవ్వించబోయాను. అతను నవ్వాడు కూడా. ఆ తర్వాత సంచిని ఉతికి, ఇస్త్రీ చేసినట్టు మడిచి తన పెట్టెలో అడుగున పెట్టుకున్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇప్పటికీ అంటాను, అనకుండా ఉండాల్సింది. కానీ ఆ మాటకి అంత శిక్షా?

స్క్రాపులో పడున్న రేకు ముక్క తీసుకుని, భోజనం విరామాల్లో వారం రోజులు కూచుని బుట్ట చేశాను. ఎంత బాగా కుదిరిందంటే, అతుకు మీద వేలు పెట్టి రాస్తే ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలీదు. పని అయ్యాక చెయ్యి దానంతటదే నంబరు కొట్టే పంచి మీదకి వెళ్ళింది. మా షాపులో ప్రతి జాయింటు పక్కనా వెల్డరు తన నంబరు కొట్టాలి. అతుకులకి తీసే ఎక్స్‌రేలో తప్పు తేలితే ఎవరిదో తెలియడానికి. సౌదీ రాకముందు నుంచీ, పదిహేనేళ్ళ అలవాటు. అడుగు అంచున నా నంబరు కొట్టి, గుడ్డతో తుడిచి గదికి పట్టుకొచ్చాను. దొంగసారా కాచుకునే బుట్టకి సంతకం పెట్టిన మొనగాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మా బావ బుట్ట తిరగేసి ఆ నంబరు చూశాడు. చూడ్డం నేను చూశాను. "బాగుంది బావా. ఎవడన్నా ఎత్తుకుపోయినా మనదేనని తెలుస్తాది," అన్నాడు.

దాచే సంగతి నేనే తేల్చాను. దాచకపోవడమే. వంటగదిలో గూటి మీద అందరికీ కనబడేలా పెట్టి, నిండా ఉల్లిపాయలు పోశాను. మేముండే క్యాంపులో అందరూ అందులోంచి ఉల్లిపాయలు తీసుకునేవాళ్ళు. రెండు వారాలకొకసారి, శుక్రవారం పొద్దున అందరూ ఇంకా ముసుగు తన్ని పడుకుని ఉండగా, ఉల్లిపాయలు బకెట్లో పోసి బుట్ట దించేవాళ్ళం. పని అవగానే కడిగి మళ్ళీ ఉల్లిపాయలు. నేను స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని దమ్మామ్ బస్సెక్కేవాణ్ణి. "మీ దగ్గర రొట్టె వాసనొస్తోందండీ," అనేది మా ఆవిడ. "క్యాంపులో పాకిస్తానీలు రొట్టెలు కాలుస్తున్నారు," అనేవాణ్ణి. ఆవిడ నమ్మేది. ఉల్లిపాయల బుట్ట అసలు సంగతి ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు.

ఆ ఏడాదే విదేశీ పనివాళ్ళ తల మీద లెవీ, అదే తలపన్ను, పెరిగింది. కుటుంబాల మీద లెవీ అంతకుముందే వచ్చింది. పెళ్ళాం పిల్లలతో ఉన్నవాళ్ళు ఒక్కొక్కళ్ళే సామాన్లు అమ్ముకుని ఇళ్ళు ఖాళీ చేస్తున్నారు. మా ప్రార్థన కూడికలో కుర్చీలు మిగిలిపోయేవి. నితాఖత్ రంగులు సరేసరి. సౌదీలు ఎంతమంది, పరాయివాళ్ళు ఎంతమంది అని చూసి కంపెనీకి రంగు వేస్తారు. ఆకుపచ్చ అయితే ఇఖామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్లు, రెన్యూ అవుతాయి, రంగు దిగితే అవవు. మాది దిగుతోంది. కంపెనీ మళ్ళీ పచ్చబడాలంటే తలలు తగ్గాలి. ఒకరోజు ఫోర్‌మన్ పిలిచి చెప్పాడు, సన్న పైపుల పనికి ఉన్న మా ఇద్దరిలో ఒకరి ఇఖామానే రెన్యూ అవుతుందని. ఆయన పెషావరు ముసలాయన, గడ్డం నెరిసినవాడు, అబద్ధం చెప్పడు. ఎక్స్‌రే రికార్డు చూసి పేరు పంపుతానన్నాడు.

ఎక్స్‌రే రికార్డంటే ఇక చూడక్కర్లేదు. నా జాయింట్లు తిరిగి రావడం అరుదు. అతనివి వస్తుండేవి. షాపులో అందరికీ తెలుసు, నేనే ఉంటానని. నాకు ఆ ఉద్యోగమంటే జీతం ఒక్కటే కాదు, దమ్మామ్ బెంచీ. అది పోతే ఆవిడ అక్కడ, నేను ఇక్కడ. నర్సు ఇఖామా మీద మొగుణ్ణి హాస్టల్లో పెట్టుకోడానికి లేదు కదా. అందుకని నాకు లోపల గుండె నిబ్బరంగానే ఉన్నా, అతని మొహం చూస్తే పాపమనిపించింది. "బెంగపెట్టుకోకు బావా. తెలిసిన కంపెనీలున్నాయి. నీకు నఖల్ దొరికేదాకా నేను తిరుగుతాను," అన్నాను. నఖల్ అంటే స్పాన్సరు మారడం. అతను తల ఊపాడు. ఆ పూట నాకిష్టమని రొయ్యల వేపుడు చేశాడు.

తర్వాతి బుధవారం మధ్యాహ్నం, కంచాల ముందు కూచున్నాం. ఫోర్‌మన్ లోపలికొచ్చాడు. ఎప్పుడూ మా వంటగదిలో అడుగు పెట్టని మనిషి. సలాం చెప్పలేదు. పొయ్యి వైపు చూడలేదు, మంచాల కింద చూడలేదు, బీరువా తెరవలేదు. సూటిగా గూటి దగ్గరికి వెళ్ళి, బుట్ట దించి, తలకిందులు చేశాడు. ఉల్లిపాయలు గదంతా దొర్లాయి. బుట్ట అడుగు వెలుతురుకి పెట్టి, ముక్కు దగ్గర పెట్టుకుని, "యే నంబర్ కిస్‌కా హై?" అని అడిగాడు. నంబరు ఎవరిదో ఆయనకి తెలుసు. రోజుకి ఇరవై జాయింట్ల పక్కన చూస్తాడు.

"నాదే," అన్నాను.

"ఇంకెవరున్నారు ఇందులో?"

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

ఒట్టు, ఆ క్షణంలో నాకు ఏ అనుమానమూ రాలేదు. పోతే నేనొక్కణ్ణే పోతాను, బావని ఎందుకు లాగడం అనుకున్నాను. అంతే అనుకున్నాను.

ముసలాయన బుట్ట చంకలో పెట్టుకున్నాడు. పోలీసులకి చెబితే నీ బతుకు బుగ్గి అవుతుంది, నేను చెప్పను అన్నాడు. రేపు ఆఫీసుకొచ్చి నువ్వే ఎగ్జిట్ కావాలని రాసి సంతకం పెట్టు, నేను బుట్ట గ్రైండరుకిచ్చి ముక్కలు చేయిస్తాను అన్నాడు. "అంత మంచి చెయ్యి. ఛీ," అని వెళ్ళిపోయాడు. ఆ ఛీ నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఒంగుని ఉల్లిపాయలు ఏరడం మొదలుపెట్టాను. మూడోదో నాలుగోదో చేతిలోకి తీసుకున్నాక నా చెయ్యి ఆగిపోయింది. ఆయన దేనికోసమూ వెతకలేదు. తిన్నగా ఉల్లిపాయల దగ్గరికెళ్ళాడు. తిన్నగా అడుగు తిప్పాడు.

తలెత్తి చూశాను. మా బావ కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాడు. పప్పు పోసుకోలేదు, ఉత్త అన్నమే కలుపుతున్నాడు.

"బావా, ఉల్లిపాయల సంగతి నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

కంచంలోకి చూస్తూనే అన్నాడు. "సంచే ఉంచుకుందామన్నాను కదా బావా."

నేను చెయ్యెత్తాను. అతను తల పక్కకి తిప్పుకోలేదు, కొట్టించుకోడానికి సిద్ధంగా కూచున్నాడు. కొట్టలేదు. కొడితే నలుగురూ వస్తారు, ఏంటని అడుగుతారు, ఒకటి చెబితే అన్నీ బయటికొస్తాయి. ఇద్దరం కాచామని ఫోర్‌మన్‌కి చెబుదామంటే, నేనొక్కణ్ణే అని నా నోటితో నేనే చెప్పి ఉన్నాను. బుట్ట మీద నా నంబరుంది. సంచి మీద ఎవరి నంబరూ లేదు. అన్నిటికంటే ముందు, దమ్మామ్‌లో ఒక మనిషి నా సాక్ష్యాన్ని నమ్ముకుని ఉంది. ఎత్తిన చెయ్యి దించుకుని ఉల్లిపాయలు ఏరాను. అన్నీ ఏరి బకెట్లో పోశాను.

ఎగ్జిట్ కాగితం రావడానికి మూడు వారాలు పట్టింది. మూడు వారాలూ అదే గదిలో, పక్క పక్క మంచాల మీద. అతనే వండాడు. నేను తిన్నాను. అంత సిగ్గులేని తిండి నా జన్మలో తినలేదు. మా ఆవిడకి నితాఖత్ అని చెప్పాను, రంగు దిగింది, తీసేశారు అన్నాను. ఊరంతా అదే కథ నడుస్తోంది కాబట్టి ఆవిడ ఇంకేమీ అడగలేదు. బెంచీ మీద పులిహోర డబ్బాకి మూత పెట్టేసి, "దేవుడి చిత్తం," అంది. దేవుడి మీద కూడా నింద వేశానన్నమాట.

దమ్మామ్ ఎయిర్‌పోర్టుకి ఆవిడ డ్యూటీ మార్చుకుని వచ్చింది. నా అట్టపెట్టెకి తాడు కట్టి, మోసుకొచ్చింది మా బావే. వద్దన్నాను, వినలేదు. నేనెక్కడ బయటపెడతానో అని భయమేసి వచ్చాడో, నిజంగానే సాగనంపాలని వచ్చాడో ఇప్పటికీ తేల్చుకోలేదు. మా ఆవిడ అతని ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"అన్నయ్యా, ఈయన వెళ్ళిపోతే ఈ దేశంలో నాకు మనిషంటూ మీరొక్కరే. శుక్రవారాలు కూడికకి వస్తూ ఉండండి. ఎప్పుడైనా ఆపదొస్తే మీకే ఫోన్ చేస్తాను."

అతను నా వైపు చూశాడు. నేను చెప్పొచ్చు. ఒక్క ముక్క చాలు. ఆ ముక్క చెబితే వెనకాలే బుట్ట వస్తుంది, బుట్ట వెనకాల రొట్టె వాసన, దాని వెనకాల పరదాలు వేసిన గదిలో నేను నిలబడి చెప్పిన మాటలు. నా నోరు నేనే కుట్టేసుకున్నాను.

"నేనున్నానుగా చెల్లెమ్మా," అన్నాడు.

ఇంటికొచ్చిన రెండో రోజు పెట్టె విప్పాను. బట్టల మధ్య నేను సర్దని మూట ఒకటి తగిలింది. ఆ గుడ్డసంచి. తెల్లగా ఉతికి, రెండు వరసల కుట్టు, బొందు ముడి. నిండా ఖర్జూరాలు, మంచి రకం, ఒక్కొక్కటి బొటనవేలంత. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుట్ల సందుల్లో పులుపు వాసన ఇంకా ఉంది. క్షమించమని పంపాడా, చూశావా నా సంచి గెలిచింది అని పంపాడా? ఖర్జూరాలు వీధిలో పంచేశాను. ఒక్కటీ నోట పెట్టుకోలేదు.

నెల తర్వాత మా ఆవిడ ఫోన్లో అతని గురించే చెప్పింది. అన్నయ్య ప్రతి శుక్రవారం వస్తున్నారండీ, కూడికలో వెనక కూచుంటున్నారు, వచ్చేటప్పుడు నాకు కరివేపాకు, ములక్కాడలు వెతికి తెస్తున్నారు, పోయిన వారం నాకు ఒంట్లో బాగోలేకపోతే హాస్టలు గేటు దగ్గర గంజి క్యారియరు ఇచ్చి వెళ్ళారు. మీరు లేరన్న లోటు తెలీనివ్వడం లేదు అంది. "ఆయనకేమైనా చెప్పమంటారా?"

నా నాలుగు గంటలు అతని చేతిలో ఉన్నాయి. నేను కూచోవలసిన కుర్చీలో అతను కూచుంటున్నాడు. నా కడుపులో మంట నాలిక దాకా వచ్చింది.

"సంచి అందిందని చెప్పు," అన్నాను.

"ఏం సంచి?"

"చెప్పు. అతనికి తెలుసు."

చెప్పిందట. విని, సరే చెల్లెమ్మా అన్నాడట. ఆ తర్వాత శుక్రవారం రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదట. కరివేపాకు తెచ్చేవాళ్ళు లేరు. ఆపదొస్తే పిలవడానికి మనిషి లేడు. కూడికలోంచి ఇంకో రెండు కుటుంబాలు కూడా వెళ్ళిపోయాయి.

"ఏమైందో పాపం," అంది మా ఆవిడ. "అంత మంచి మనిషి. మీరేమైనా అన్నారా?"

"లేదు," అన్నాను. అదీ నమ్మింది.